అయాన్లు అంటే ఏమిటి, ఎక్కడెక్కడ కనిపిస్తాయి: తరచుగా అడిగే ప్రశ్నలు

టెన్త్, ఇంటర్ పిల్లలు, వాటర్ ఫిల్టర్ కొనబోతున్న ఇంటివాళ్లు, చౌడు నేలతో అవస్థ పడుతున్న రైతులు, చేతిలో రక్తపరీక్ష రిపోర్టు పట్టుకుని టెన్షన్ పడేవాళ్లు. వీళ్లందరూ అడిగే ప్రశ్నల్లో అయాన్ ఎక్కడో ఒకచోట వస్తుంది. అలాంటివి కొన్ని ఇక్కడ ఒకచోట చేర్చాను. చదివేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. "అయాన్లు మంచివా, చెడ్డవా" అనే ప్రశ్నకు జవాబు లేదు. అది ఏ అయాన్, ఎంత ఉంది, పక్కన ఇంకేముంది అని అడిగితేనే జవాబు దొరుకుతుంది.

అయాన్ అంటే సూటిగా ఏమిటి?

విద్యుదావేశం ఉన్న పరమాణువు, లేదా మొత్తంగా ఆవేశం ఉన్న పరమాణువుల గుంపు. మామూలు పరమాణువులో ధనావేశం ఉన్న ప్రోటాన్లు, రుణావేశం ఉన్న ఎలక్ట్రాన్లు సమానంగా ఉంటాయి కాబట్టి లెక్క సున్నా అవుతుంది. ఎలక్ట్రాన్ బయటికి పోతే ధనావేశం మిగులుతుంది, అది కాటయాన్. ఎలక్ట్రాన్ వచ్చి చేరితే రుణావేశం వస్తుంది, అది ఆనయాన్.

పిల్లలు ఎక్కువగా తడబడేది ఒకచోట. ధనావేశం వచ్చిందంటే ప్రోటాన్ వచ్చి చేరిందనుకుంటారు. ప్రోటాన్లు ఉండేది పరమాణువు మధ్యలోని కేంద్రకంలో, రసాయన చర్యలో అది మారదు. సోడియం పరమాణువులో 11 ప్రోటాన్లు, సోడియం అయాన్‌లోనూ 11 ప్రోటాన్లే. ఎలక్ట్రాన్లు 11 నుంచి 10కి తగ్గాయి, అంతే. ప్రోటాన్ల సంఖ్య మారితే అది సోడియమే కాదు.

ఈ పేరు ఎవరు పెట్టారు?

మైకేల్ ఫారడే, 1834లో. ద్రావణంలో కరెంటు పంపినప్పుడు ఏవో కణాలు ఒక ఎలక్ట్రోడ్ వైపు కదులుతున్నాయని ఆయన గమనించారు. కేంబ్రిడ్జిలోని విలియం హ్యూవెల్ సలహాతో, "వెళ్లేది" అనే అర్థం ఉన్న గ్రీకు మాట తీసుకున్నారు. అప్పటికి ఎలక్ట్రాన్ సంగతి ఎవరికీ తెలియదు.

సోడియం నీళ్లలో వేస్తే భగ్గుమంటుంది, క్లోరిన్ విషవాయువు. ఆ రెండూ కలిసిన ఉప్పును రోజూ ఎలా తింటున్నాం?

పరమాణువు వేరు, దాని అయాన్ వేరు. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇది చదవండి.

సోడియం పరమాణువు బయటి కక్ష్యలో ఒక్క ఎలక్ట్రాన్ ఉంటుంది. దాన్ని వదిలించుకోవడానికి అది ఎప్పుడూ సిద్ధమే, అందుకే లోహపు ముక్క నీళ్లు తగిలితే అంత తీవ్రంగా చర్య జరుపుతుంది. క్లోరిన్‌కు బయటి కక్ష్యలో ఏడు ఎలక్ట్రాన్లు, ఇంకొకటి కావాలి. ఊపిరితిత్తుల్లోకి వెళ్తే అక్కడి కణజాలం నుంచే లాక్కుంటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో 1915లో దాన్ని ఆయుధంగా వాడారు. ఈ రెండూ కలిస్తే సోడియం ఇవ్వాల్సింది ఇచ్చేసింది, క్లోరిన్‌కు కావాల్సింది దొరికింది. ఆ తర్వాత మిగిలినవి సోడియం అయాన్, క్లోరైడ్ అయాన్. రెండూ స్థిరంగా ఉంటాయి.

పరిమాణం కూడా మారుతుంది. సోడియం పరమాణు వ్యాసార్ధం సుమారు 186 పికోమీటర్లయితే అయాన్‌ది 102. క్లోరిన్ 99 నుంచి క్లోరైడ్‌గా 181కి పెరుగుతుంది. రంగు, రుచి, చర్యాశీలత అన్నీ మారిపోతాయి. కాబట్టి ఒక పదార్థంలో "క్లోరిన్ ఉంది", "ఫ్లోరిన్ ఉంది" అని ఎవరైనా భయపెడితే, అది మూలకంగా ఉందా, అయాన్‌గా ఉందా అని ముందు అడగండి.

సోడియం ఒక్క ఎలక్ట్రాన్ దగ్గరే ఎందుకు ఆగుతుంది? రెండోది ఎందుకు వదలదు?

మొదటి ఎలక్ట్రాన్‌ను తీయడానికి మోల్‌కు సుమారు 496 కిలోజౌళ్లు చాలు. రెండోదానికి 4,562 కావాలి, తొమ్మిది రెట్లకు పైనే. ఆ రెండోది నిండిన లోపలి కక్ష్య నుంచి రావాలి కాబట్టి మామూలు రసాయన చర్యలో అంత శక్తి దొరకదు. మెగ్నీషియం, కాల్షియం రెండేసి వదులుతాయి, అల్యూమినియం మూడు. కారణం ఇదే. అయనీకరణ శక్తి, అంటే ఒక్కో ఎలక్ట్రాన్‌ను తీయడానికి కావాల్సిన శక్తి, విలువలు వరుసగా రాసుకుని, ఎక్కడ ఒక్కసారిగా పెరిగిందో చూడండి. వేలన్సీని బట్టీ పట్టాల్సిన పని ఉండదు.

సల్ఫేట్, నైట్రేట్ కూడా అయాన్లేనా?

అవును. పరమాణువులు ఒకదానితో ఒకటి బంధంలో ఉండి, మొత్తం గుంపు మీద ఆవేశం ఉంటే అది బహుపరమాణుక అయాన్. సల్ఫేట్, ఫాస్ఫేట్, కార్బనేట్, బైకార్బనేట్, అమ్మోనియం ఇవన్నీ ఆ కోవకే చెందుతాయి. నీళ్లలో కరిగినా ఆ గుంపు విడిపోదు, ఒకే ముక్కగా తిరుగుతుంది.

ఉప్పు గడ్డ నిండా అయాన్లే కదా, దాంట్లో కరెంటు ఎందుకు పారదు?

ఉన్నాయి కానీ కదలవు. ఉప్పు స్ఫటికంలో ప్రతి సోడియం అయాన్ చుట్టూ ఆరు క్లోరైడ్లు, ప్రతి క్లోరైడ్ చుట్టూ ఆరు సోడియం అయాన్లు బిగుసుకుని ఉంటాయి. కరెంటు పారాలంటే ఆవేశం కదలాలి. 801 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగిస్తే కదులుతుంది. నీళ్లలో వేస్తే ఇంకా సులువు, నీటి అణువులు ఒక్కో అయాన్‌ను చుట్టుముట్టి విడదీస్తాయి.

కరెంటు పంపకముందే ద్రావణంలో అయాన్లు విడిగా ఉంటాయని చెప్పింది స్వీడన్ శాస్త్రవేత్త స్వాంటే అర్హీనియస్. 1884లో ఆయన సమర్పించిన థీసిస్‌కు ఉప్సలా విశ్వవిద్యాలయం తక్కువ గ్రేడు ఇచ్చింది. 1903లో ఆ ఆలోచనకే రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది.

ఇంట్లో టీడీఎస్ (నీళ్లలో కరిగిన మొత్తం ఘనపదార్థాలు) మీటర్ పెట్టి చూశాం, తక్కువే చూపించింది. నీళ్లు మంచివేనా?

ఆ ఒక్క అంకెతో చెప్పలేం. చేతిలో పట్టుకునే ఆ మీటర్ నిజానికి కొలిచేది నీటిలో కరెంటు ఎంత బాగా పారుతోందన్నది. దాన్ని ఒక గుణకంతో హెచ్చించి, లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని చూపిస్తుంది. అంటే అది కదిలే ఆవేశాన్ని మొత్తంగా కొలుస్తోంది. అందులో కాల్షియం ఎంత, నైట్రేట్ ఎంత, ఫ్లోరైడ్ ఎంత అన్నది దానికి తెలియదు. ఆవేశం లేనివి, అంటే చక్కెర, చాలా పురుగుమందులు, దానికి దాదాపు కనిపించవు. బ్యాక్టీరియా సంగతి చెప్పనే అక్కర్లేదు.

భారత ప్రమాణాల సంస్థ తాగునీటికి టీడీఎస్ 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలంటుంది. వేరే వనరు లేకపోతే 2000 దాకా ఒప్పుకుంటుంది. ఇక ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేకపోతే 1.5. టీడీఎస్ 400 ఉన్న నీళ్లలో ఫ్లోరైడ్ 3 ఉన్నా మీటర్ మీద తేడా తెలియదు, ఎముకల్లో మాత్రం తెలుస్తుంది. కాబట్టి బోరు నీళ్లు తాగేవాళ్లు ల్యాబ్‌లో ఒక్కో అయాన్‌కు విడిగా పరీక్ష చేయించుకోవాలి.

ఫిల్టర్ అమ్మడానికి వచ్చినవాళ్లు రెండు గ్లాసుల్లో కడ్డీలు పెట్టి కరెంటిస్తే మా నీళ్లు మురికి రంగులోకి మారాయి. ఆర్వో నీళ్లు తేటగా ఉన్నాయి. అది నిజమేనా?

రంగు మారడం నిజమే, దానికి వాళ్లు చెప్పే అర్థం నిజం కాదు. ఆ పరికరంలో ఇనుము, అల్యూమినియం కడ్డీలుంటాయి. నీళ్లలో అయాన్లు ఉంటే కరెంటు పారుతుంది, ఇనుప కడ్డీ కరిగి ఇనుము అయాన్లు నీళ్లలోకి దిగుతాయి, అవి తుప్పు లాంటి పదార్థంగా మారి రంగు తేలుతుంది. ఆ మురికి కడ్డీలోంచి వచ్చింది. ఆర్వో నీళ్లలో అయాన్లు చాలా తక్కువ, కరెంటు పారదు, కడ్డీ కరగదు, అందుకే తేటగా ఉంటుంది. ఆ తేట గ్లాసులో చిటికెడు ఉప్పు వేయమని అడగండి, అదీ రంగు మారుతుంది. భయం చూపించి అమ్మడం నాకు చాలా బాధ కలిగించే విషయం, ఎందుకంటే ఫిల్టర్ నిజంగా అవసరమైన ఊళ్లూ ఉన్నాయి.

నల్గొండ నీళ్లలో ఫ్లోరైడ్ అంత ఎందుకు ఉంటుంది?

రాళ్లలోంచి వస్తుంది. అక్కడి గ్రానైట్ రాళ్లలో ఫ్లోరైట్, అపటైట్, బయోటైట్ వంటి ఖనిజాలున్నాయి. లోతైన బోరు నీళ్లు ఆ రాళ్లతో ఏళ్ల తరబడి తగులుతూ ఉండటం వల్ల ఫ్లోరైడ్ అయాన్లు కరిగి వస్తాయి.

పక్కన ఏముంది అన్నది ఇక్కడ చాలా ముఖ్యం. నీళ్లలో కాల్షియం అయాన్లు బాగా ఉంటే అవి ఫ్లోరైడ్‌తో కలిసి కాల్షియం ఫ్లోరైడ్‌గా అడుగున చేరతాయి, అది నీళ్లలో బాగా కరగదు. కాల్షియం తక్కువగా ఉండి, సోడియం, బైకార్బనేట్ ఎక్కువగా ఉన్న నీళ్లలో ఫ్లోరైడ్‌ను ఆపేది లేదు. అందుకే సబ్బు బాగా నురగ వచ్చే నీళ్లని సంబరపడకూడదు. ఫ్లోరైడ్ ఉన్న నీళ్లకు రంగు, వాసన తేడా ఉండదు.

శరీరంలోకి వెళ్లాక ఏమవుతుంది? పళ్లు, ఎముకల్లోని ఖనిజంలో హైడ్రాక్సైడ్ అయాన్లు ఉంటాయి. ఫ్లోరైడ్ అయాన్‌కు దాదాపు అదే పరిమాణం, అదే ఆవేశం. అందుకని హైడ్రాక్సైడ్ స్థానంలో కూర్చుంటుంది. కొద్దిగా అయితే పన్ను గట్టిపడుతుంది, టూత్‌పేస్ట్‌లో వేసేది అందుకే. ఎక్కువైతే పళ్ల మీద మచ్చలు, ఇంకా ఎక్కువ ఏళ్లు తాగితే ఎముకలు బిగుసుకుపోవడం, నడుము వంగిపోవడం. 1937లోనే అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఈ జబ్బును వైద్యులు నమోదు చేశారు. అంతకాలం క్రితమే తెలిసిన విషయం నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో తరాలను వంచేసిందంటే మనసు కుదుటపడదు.

మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరై తగ్గుతాయి కాబట్టి ఇంకాస్త చిక్కబడుతుంది. పోగొట్టడానికి ఆర్వో, యాక్టివేటెడ్ అల్యూమినా (ఫ్లోరైడ్‌ను పట్టుకునే అల్యూమినియం ఆక్సైడ్ గుళికలు) పనిచేస్తాయి. నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ రూపొందించిన "నల్గొండ పద్ధతి"లో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి కలుపుతారు. పటికలోని అల్యూమినియం మెత్తటి తెట్టుగా మారి ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగున చేరుతుంది. ఖర్చు తక్కువే కానీ మోతాదు సరిగ్గా చూసుకోవాలి, అడుగున చేరిన మడ్డిని జాగ్రత్తగా పారేయాలి. అన్నిటికన్నా మేలైనది కృష్ణా నీళ్ల వంటి ఫ్లోరైడ్ తక్కువ ఉన్న నది నీళ్లు ఇంటికి రావడం.

బకెట్ అడుగున తెల్లటి పొర కడుతోంది, సబ్బు నురగ రావట్లేదు. ఫ్లోరైడేనా?

కాదు. అది కాల్షియం, మెగ్నీషియం అయాన్ల పని. అవి సబ్బుతో కలిసి కరగని తెట్టు చేస్తాయి. తెల్లటి పొరలో ఎక్కువ భాగం కాల్షియం కార్బనేట్. గీజర్‌కు ఇబ్బంది, తాగడానికి ప్రాణభయం లేదు. నిమ్మరసం, వెనిగర్ వేసి రుద్దితే వదులుతుంది. ఇంటికి పెట్టే సాఫ్టెనర్లో రెజిన్ గుళికలు కాల్షియాన్ని పట్టుకుని బదులుగా సోడియాన్ని వదులుతాయి, కాబట్టి బీపీ ఉన్నవాళ్లు ఆ నీళ్లు తాగకుండా వాడకానికే ఉంచుకోవడం మంచిది.

రక్తపరీక్షలో "సీరం ఎలక్ట్రోలైట్స్" అని ఉంది. అవీ అయాన్లేనా?

అవును. మామూలుగా రక్తంలో సోడియం లీటరుకు 135 నుంచి 145 మిల్లీమోల్స్, పొటాషియం 3.5 నుంచి 5 ఉంటుంది. కణం లోపల తిరగబడి ఉంటుంది, పొటాషియం దాదాపు 140, సోడియం కొద్దిగా. కణపు పొరలోని ఒక పంపు మూడు సోడియం అయాన్లను బయటికి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి తోస్తూనే ఉంటుంది. నరాల సంకేతం, గుండె లయ ఈ తేడా మీదే నడుస్తాయి. ఆ పంపును 1957లో గుర్తించిన డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ స్కౌకు 1997లో నోబెల్ వచ్చింది.

రక్తంలో పొటాషియం 4 నుంచి 7కు పెరిగితే గుండె లయ తప్పవచ్చు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు "తక్కువ సోడియం ఉప్పు"ను డాక్టర్‌ని అడగకుండా వాడకూడదనేది అందుకే. ఆ ప్యాకెట్లలో సోడియం క్లోరైడ్ బదులు కొంత పొటాషియం క్లోరైడ్ ఉంటుంది. కొబ్బరి నీళ్లకూ వాళ్లకు ఇదే జాగ్రత్త.

విరేచనాలప్పుడు ఉత్త నీళ్లు చాలవా, ఓఆర్ఎస్ ఎందుకు?

పేగు గోడలో సోడియం అయాన్‌ను, గ్లూకోజ్‌ను జంటగా లోపలికి తీసుకునే ద్వారం ఉంటుంది. ఒకటి లేకపోతే రెండోది సరిగా పోదు. రెండూ వెళ్తే వాటి వెంట నీళ్లూ వెళ్తాయి. విరేచనాల్లోనూ ఈ ద్వారం పనిచేస్తూనే ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలత ప్రకారం లీటరు నీళ్లకు సోడియం క్లోరైడ్ 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9 ఉండాలి. అప్పుడు సోడియం 75, గ్లూకోజ్ 75 మిల్లీమోల్స్, సరిసమానం.

తీపి ఎక్కువైన పానీయం పేగులోకి నీళ్లను లాగి విరేచనాలు పెంచుతుంది. హైదరాబాద్‌కు చెందిన ఒక పిల్లల డాక్టర్ ఏళ్ల తరబడి పోరాడాక, ఈ కొలత పాటించని పానీయాల పేర్లలో ఓఆర్ఎస్ అనే మాట వాడకూడదని 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూసి కొనండి. లీటరు ప్యాకెట్‌ను గ్లాసు నీళ్లలో కలపవద్దు.

పొలానికి, అయాన్లకు ఏం సంబంధం?

మొక్క వేరు తీసుకునే పోషకాల్లో ఎక్కువ భాగం అయాన్ల రూపంలోనే లోపలికి వెళ్తుంది. యూరియా అయాన్ కాదు. నేలలోని యూరియేజ్ అనే ఎంజైమ్ దాన్ని అమ్మోనియంగా మారుస్తుంది, బ్యాక్టీరియా దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. బంకమట్టి రేణువుల మీద రుణావేశం ఉంటుంది కాబట్టి ధనావేశం ఉన్న అమ్మోనియం మట్టిని అంటిపెట్టుకుంటుంది. రుణావేశం ఉన్న నైట్రేట్‌ను మట్టి పట్టుకోదు, నీళ్లతో కిందికి జారిపోతుంది. నీళ్లు నిలిచిన మడిలో అయితే కొంత వాయువుగా మారి గాలిలో కలుస్తుంది. వరిలో నీళ్లు తీసేసి బురద పదునులో యూరియా చల్లి, ఒకటి రెండు రోజుల తర్వాత మళ్లీ నీళ్లు పెట్టమనేది దీనికే. ఒకేసారి కుమ్మరిస్తే డబ్బు నీళ్లపాలే, పైగా బావుల్లో నైట్రేట్ చేరుతుంది. తాగునీటిలో దాని హద్దు లీటరుకు 45 మిల్లీగ్రాములు.

జింక్ సల్ఫేట్‌ను ఫాస్ఫేట్ ఉన్న డీఏపీ ఎరువుతో కలపొద్దని ఎందుకంటారు? జింక్ అయాన్, ఫాస్ఫేట్ అయాన్ కలిస్తే కరగని జింక్ ఫాస్ఫేట్ అవుతుంది. రెండు సంచుల డబ్బు పెట్టి రెండూ మొక్కకు అందకుండా చేసినట్టు. కొన్ని రోజుల తేడాతో విడివిడిగా వేయాలి.

చౌడు గురించి కాస్త వివరంగా చెప్పాలి. పాలచౌడు, కారుచౌడు ఒకటి కావు. పాలచౌడులో కరిగే లవణాలు పైన తెల్లగా పేరుకుంటాయి, మంచినీళ్లు నిలగట్టి మురుగు కాలువ ద్వారా కడిగేస్తే తగ్గుతుంది. కారుచౌడులో మట్టి రేణువులకు సోడియం అయాన్లు అతుక్కుని ఉంటాయి. సోడియానికి ఒకే ఆవేశం, చుట్టూ దట్టమైన నీటి పొర. అందువల్ల రేణువులు దగ్గరికి రాక చెదిరిపోతాయి, సందులు మూసుకుపోతాయి, నీళ్లు ఇంకవు. ఉత్త నీళ్లతో కడిగితే ఇది పోదు. జిప్సం వేస్తే రెండు ఆవేశాలున్న కాల్షియం వచ్చి సోడియాన్ని పక్కకు నెట్టి రేణువులను కలుపుతుంది. విడిపోయిన సోడియం సల్ఫేట్‌ను నీళ్లు పెట్టి బయటికి పంపాలి. మురుగు కాలువ లేకుండా జిప్సం వేస్తే సగం పనే అవుతుంది. ఆ తర్వాత పచ్చిరొట్ట పైరు జీలుగ వేసి కలియదున్నితే నేల ఇంకా తేరుకుంటుంది. ఎంత జిప్సం అన్నది మట్టి పరీక్షే చెప్పాలి.

అయాన్ల శాస్త్రంలో తెలుగువాళ్లు ఎవరైనా ఉన్నారా?

యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టారు. హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి, శరీర ద్రవాల్లో ఫాస్ఫేట్ ఎంత ఉందో రంగును బట్టి కొలిచే పద్ధతిని 1925లో ప్రచురించారు. ఆమ్ల మాధ్యమంలో ఫాస్ఫేట్, మాలిబ్డేట్‌తో కలుస్తుంది, దాన్ని క్షయకరణం చేస్తే, అంటే దానికి ఎలక్ట్రాన్లు అందిస్తే, నీలం రంగు వస్తుంది. నీలం ఎంత ముదురైతే ఫాస్ఫేట్ అంత ఎక్కువ. ఈ కొలత చేతిలో ఉండబట్టే కండరాల్లో శక్తిని నిలవ ఉంచే ఫాస్ఫోక్రియాటిన్ ఉందని వాళ్లు కనిపెట్టగలిగారు. జీవరసాయన శాస్త్రం చదివే పిల్లలకు ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అని పాఠంలో కనిపిస్తే, ఆ రెండో పేరు మనవారిదని గర్వంగా చెప్పండి.

ఫోన్‌లో లిథియం అయాన్ బ్యాటరీ అంటారు. అయాన్లు అయిపోతే చార్జ్ అయిపోయినట్టా?

అయిపోవు, ఇటు నుంచి అటు వెళ్తాయి. ఫోన్ వాడుతున్నప్పుడు లిథియం అయాన్లు గ్రాఫైట్ పొరల్లోంచి బయలుదేరి, బ్యాటరీ లోపలి ద్రవం గుండా లోహ ఆక్సైడ్ వైపు చేరతాయి. ఎలక్ట్రాన్లు ఆ ద్రవంలో పోలేవు కాబట్టి బయటి తీగ గుండా తిరిగి వెళ్తాయి, ఫోన్‌ను నడిపేది అవే. చార్జర్ పెడితే అంతా వెనక్కి. సోనీ 1991లో వీటిని మార్కెట్లోకి తెచ్చింది. గుడ్‌ఇనఫ్, విటింగ్‌హామ్, యోషినోలకు 2019లో నోబెల్ ఇచ్చారు.

సెల్ టవర్ కిరణాలు శరీరంలో అయాన్లు పుట్టిస్తాయా?

లేదు. అణువు నుంచి ఎలక్ట్రాన్‌ను ఊడబెరికేంత శక్తి ఎక్స్‌రే, గామా కిరణాలకు ఉంటుంది. సెల్ సిగ్నల్ వాడే రేడియో తరంగాలకు ఆ శక్తి లేదు.

"అయనైజ్డ్ ఆల్కలైన్ వాటర్" మెషిన్ లక్షల్లో అమ్ముతున్నారు. కొనాలా?

నన్నడిగితే వద్దు. కడుపులో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది, కొద్దిగా క్షారగుణం ఉన్న నీళ్లు అక్కడికి చేరగానే తటస్థమైపోతాయి. రక్తం పీహెచ్ 7.35 నుంచి 7.45 మధ్య ఉండేలా బైకార్బనేట్ అయాన్లు, ఊపిరితిత్తులు, కిడ్నీలు చూసుకుంటాయి. నీళ్ల మెషిన్ దాన్ని మార్చలేదు. షుగర్, క్యాన్సర్ తగ్గుతాయని చెప్తే నమ్మి మందులు మానకండి. ఆ డబ్బులో చిన్న భాగంతో మీ బోరు నీళ్లకు పూర్తి ల్యాబ్ పరీక్ష చేయించవచ్చు.

ఇంటర్ ప్రాక్టికల్స్‌లో ఇచ్చిన లవణంలో ఏ అయాన్ ఉందో ఎలా పట్టుకోవాలి?

ఒక్కో అయాన్‌కు ఒక్కో ఆనవాలు ఉంది. మంటలో సోడియం పసుపు, పొటాషియం లేత ఊదా, కాల్షియం ఇటుక ఎరుపు, రాగి ఆకుపచ్చ. సోడియం చిటికెడున్నా పసుపు మిగతా రంగులను కప్పేస్తుంది, అందుకే పొటాషియం కోసం నీలం కోబాల్ట్ గాజులోంచి చూడమంటారు. సజల నైట్రిక్ ఆమ్లంతో ఆమ్లీకరించాక సిల్వర్ నైట్రేట్ వేస్తే క్లోరైడ్‌కు తెల్లటి అవక్షేపం వస్తుంది, అది అమ్మోనియాలో కరిగిపోతుంది. బ్రోమైడ్‌దయితే లేత పసుపు, అంత సులువుగా కరగదు. సల్ఫేట్‌కు బేరియం క్లోరైడ్‌తో తెల్లటి అవక్షేపం, ఆమ్లంలోనూ కరగదు. నైట్రేట్‌కు గోధుమ రంగు వలయం. ఆ పరీక్షలో గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని పరీక్షనాళిక గోడ వెంట నెమ్మదిగా వదలాలి, నాళికను కదపకూడదు. కదిపితే రెండు పొరలూ కలిసిపోయి వలయం కనిపించదు.